ఆ మామిడి పండు తాతే తింటాడు

మా మావయ్యను కడియపులంక నర్సరీలకు తీసుకెళ్లి ఈ శ్రావణానికి మూడేళ్లవుతుంది. అప్పటికి ఆయనకు అరవై తొమ్మిది. బడిపంతులుగా రిటైరై పదకొండేళ్లు. ఊళ్లో ఇంటి వెనక ముప్ఫై సెంట్ల దొడ్డి ఉంది. అందులో మామిడి మొక్కలు పెడతానని పట్టుబట్టాడు. నర్సరీ కుర్రాడు గుక్క తిప్పుకోకుండా రకాల పేర్లు చెప్పుకుపోతున్నాడు. ఈయన మాత్రం ఒక్కో మొక్క ముందు గొంతుక్కూర్చుని, అంటు కట్టిన చోట బొటనవేలితో తడిమి చూస్తున్నాడు. అతుకు సరిగ్గా కలిసిందా, పైభాగం, కిందిభాగం ఒకే లావున ఉన్నాయా అని.

"ఎన్నేళ్లకు కాపోయ్?"

"అంటు మొక్కండి మేస్టారూ, మూడో ఏడే పూతొచ్చేత్తాదండి. ఉంచకండి, తుంచెయ్యండి. మొక్క బలవాలి కదండీ. నాలుగో ఏడో అయిదో ఏడో కాయ చూద్దురుగాని."

ఇంతలో బెంగళూరు నుంచి కొడుకు ఫోను. "ఈ వయసులో తోటలేంటి నాన్నా? ఎవరు చూసుకుంటారు?" అవతలి గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది. మావయ్య అంతా విని, "సర్లేరా" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. కుర్రాడి వైపు తిరిగి, "ఎనిమిది కట్టు" అన్నాడు.

ముసలాయన, మామిడి మొక్క అనగానే మనందరికీ ఒక పాత కథ గుర్తొస్తుంది. రాజుగారు గుర్రమ్మీద వెళ్తుంటాడు. నడుం వంగిన తాత టెంక పాతుతుంటాడు. "దీని పండు నువ్వు తింటావా?" అని రాజు అడుగుతాడు. "నా తాతలు నాటినవి నేను తిన్నాను, నేను నాటింది నా మనవలు తింటారు" అంటాడు తాత. చిన్నప్పుడు విని కళ్లు చెమర్చిన కథే. ఇప్పుడు మాత్రం అందులో ఒక లోటు కనిపిస్తోంది. ఆ తాత పండు తినడని రాజూ, కథ చెప్పిన పంతులూ, విన్న మేమూ ముందే తీర్మానించేశాం. అసలు ఆయన వయసెంత, ఇంకా ఎన్నేళ్లు బతికే అవకాశం ఉంది అని ఒక్కరూ అడగలేదు.

అడిగి చూద్దాం.

డెబ్బైలోంచి తీసివేయకూడదు

మన దేశంలో సగటు ఆయుర్దాయం ఇప్పుడు సుమారు 70 ఏళ్లు. ఈ అంకె చాలామందికి తెలుసు. దాన్ని వాడుకునే తీరే తప్పు. అరవై తొమ్మిదేళ్లాయన ఈ అంకె చూసి, "అయితే నాకింక ఒక్క ఏడే" అనుకుంటాడు. పైకి అనకపోయినా లోపల లెక్క అదే. ఇల్లు బాగు చేయించాలన్నా, కొత్త విద్య నేర్చుకోవాలన్నా, కంటి ఆపరేషన్ చేయించుకోవాలన్నా చెయ్యి వెనక్కి లాగేది ఆ తీసివేతే.

ఇద్దరు అన్నదమ్ములున్నారనుకోండి. ఒకడు ఏడాది పిల్లాడుగా ఉండగానే పోయాడు. రెండోవాడు 79 ఏళ్లు బతికాడు. ఇద్దరి సగటు 40. కానీ నలభయ్యో ఏట ఆ ఇంట్లో ఎవరూ పోలేదు. పుట్టినప్పటి ఆయుర్దాయం ఇలాంటి లెక్కే. పురిట్లో పోయిన బిడ్డలు, పసితనంలో జబ్బు చేసి పోయినవాళ్లు, పాతికేళ్లకు రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్లు, వీళ్లందరి లెక్కా కలిస్తేనే ఆ 70. స్వాతంత్ర్యం వచ్చిన నాటి దశాబ్దంలో మన దేశపు సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. అంటే అప్పట్లో ముప్ఫై రెండేళ్లకే అందరూ ముసలివాళ్లై పోయేవారని కాదు. పసిపిల్లలు అంతగా రాలిపోయేవారని.

అరవై దాటినవాళ్లు ఆ గండాలన్నీ గట్టెక్కి వచ్చినవాళ్లు. వాళ్లకు వేరే అంకె చూడాలి. భారతదేశంలో 60 నిండిన మనిషి సగటున ఇంకా 18 ఏళ్లకు పైగా బతుకుతాడని ఇటీవలి లెక్కలు చెబుతున్నాయి. ఆడవాళ్లకు 19, మగవాళ్లకు పదిహేడున్నర. ఇది కూడా సగటే కాబట్టి సుమారు సగం మంది దాన్ని దాటి పోతారు. డెబ్బై చేరినవాళ్లకు ఇంకో పదేళ్ల పైమాటే మిగిలి ఉంటుంది. ముందుకు జరుగుతున్నకొద్దీ గమ్యం కూడా కొంచెం కొంచెం ముందుకు జరుగుతూ ఉంటుంది.

అంటు మొక్కకు అయిదేళ్లు. మావయ్యకు మిగిలింది, సగటు లెక్కన, దానికి రెట్టింపు పైనే. కథలో తాతది టెంక మొక్క. దానికి ఏడెనిమిదేళ్లు వేసుకున్నా, ఈ రోజుల్లో అరవై అయిదేళ్ల తాతకు తన పండు తాను తినే అవకాశమే ఎక్కువ.

ఈ విషయంలో మనకంటే ప్రభుత్వం ముందుచూపుతో ఉందంటే నవ్వొస్తుంది గానీ నిజం. పెన్షన్ తీసుకునేవాళ్లకు తెలుసు. రిటైరైనప్పుడు పెన్షన్‌లో కొంత భాగాన్ని కమ్యూట్ చేసి ఒకేసారి డబ్బు తీసుకుంటే, ఆ భాగం మళ్లీ 15 ఏళ్ల తర్వాత కలుస్తుంది. అంటే అరవైలో రిటైరైనవాడు 75కి ఉంటాడన్న నమ్మకం ఆ కాగితంలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ పెన్షనరుకు 80 నిండితే అదనంగా 20 శాతం, 85కి 30 శాతం, అలా పెరుగుతూ పోయి నూరేళ్లు నిండితే మూల పెన్షన్ రెట్టింపవుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనైతే అదనపు పెన్షన్ డెబ్బైకే మొదలవుతుంది. ఖజానా గుమాస్తా దగ్గర మీ నూరో ఏటికి పట్టికలో ఒక గడి ఉంది. మీ దగ్గరే లేదు.

పెద్దలూ తక్కువ తినలేదు. షష్టిపూర్తితో కథ ముగించలేదు వాళ్లు. డెబ్బైకి భీమరథ శాంతి, ఆపైన సహస్ర చంద్ర దర్శనం పెట్టారు. పున్నమికీ పున్నమికీ మధ్య ఇరవై తొమ్మిదిన్నర రోజులు. వెయ్యి పున్నములంటే 29,530 రోజులు, అంటే 80 ఏళ్ల 10 నెలలు. పసిపిల్లలు అంతగా పోయిన కాలంలో కూడా ఎనభై దాటిన మనిషికి ఒక పండుగ సిద్ధంగా ఉంచుకున్నారు.

రేపు అనేది ఎక్కడ తయారవుతుంది

ఏళ్లు మిగిలి ఉన్నాయని తెలిసినా ప్రణాళిక వెయ్యడం తేలిక కాదు. దీనికి మెదడులో ఒక కారణం ఉంది.

కెనడాలోని టొరంటోలో కె.సి. అన్న పొడి అక్షరాలతో శాస్త్రవేత్తలు పిలుచుకున్న ఒకాయన ఉండేవాడు. 1981లో మోటారుసైకిలు ప్రమాదంలో మెదడు దెబ్బతింది. మాట, తెలివి, చదరంగం ఆడడం, అన్నీ ఉన్నాయి. తన జీవితంలో జరిగిన సంఘటన మాత్రం ఒక్కటీ గుర్తు లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టుల్వింగ్ ఆయన్ని నిన్నటి గురించి అడిగాడు. ఏమీ లేదు. తర్వాత రేపు ఏం చేస్తావని అడిగాడు. అక్కడా ఏమీ లేదు. నిన్న ఎంత ఖాళీగా ఉందో రేపూ అంతే ఖాళీగా ఉందని ఆయన చెప్పుకొచ్చాడు.

జ్ఞాపకం ఉన్నది గతం కోసమే అనుకునేవాళ్లం. ఇలాంటి రోగులను చూశాక, ఆపైన మెదడును స్కానింగ్ చేసి చూశాక తేలిందేమిటంటే, రేపటిని ఊహించుకోవడానికి మెదడు వాడే సరుకు నిన్నటిదే. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం చుట్టూ ఉన్న అదే అల్లిక రెండు పనులూ చేస్తుంది. పాత ఇంటి దూలాలూ పెంకులూ ఊడదీసి కొత్త ఇల్లు కట్టుకున్నట్టు, చూసిన చోట్లు, తెలిసిన మొహాలు, తిన్న రుచులు కలిపి రాబోయే రోజు బొమ్మ కడుతుంది.

వయసు మీదపడితే జ్ఞాపకంలో వివరాలు పలచబడతాయని మనకు అనుభవమే. 2008లో డోనా రోజ్ ఆడిస్, డానియల్ షాక్టర్ బృందం దీన్ని రెండు వైపులా కొలిచింది. పడుచువాళ్లనూ పెద్దవాళ్లనూ కూర్చోబెట్టి, జరిగిన ఒక సంఘటన, జరగబోయే ఒక సంఘటన చెప్పమన్నారు. పెద్దవాళ్లు గతం చెప్పినప్పుడు చోటు, సమయం, ఎవరు ఏమన్నారు అనే వివరాలు తగ్గి, పైపై సంగతులు పెరిగాయి. భవిష్యత్తు చెప్పినప్పుడూ అంతే.

మా అమ్మ పదేళ్లుగా "ఎప్పుడో కాశీ వెళ్లాలిరా" అంటోంది. ఇన్నాళ్లూ దాన్ని కోరిక అనుకున్నాను. ఆ పరిశోధన చదివాక అది కోరిక కూడా కాదని, ఒక మసక బొమ్మ అని అర్థమైంది. ఏ నెలలో? ఏ రైలు? కింది బెర్తు దొరుకుతుందా? తోడెవరు? ఘాట్ మెట్లు దిగేటప్పుడు చెయ్యి ఎవరు పట్టుకుంటారు? ఒక ఆదివారం కూర్చుని ఇవన్నీ ఒక్కొక్కటే అడిగాను. మొదట విసుక్కుంది. అరగంట పోయాక, "కార్తీకం వద్దు, జనం. మాఘం బాగుంటుంది. పిన్నిని కూడా అడుగు" అంది. పిన్ని మాటొచ్చాక ఇంక ఆపలేకపోయాం.

ఈ వివరాల వల్ల పనులు నిజంగానే జరుగుతాయా? జరుగుతాయనే చెప్పే ఒక చక్కని ప్రయోగం ఉంది. లిండా లియు, డెనిస్ పార్క్ 2004లో ప్రచురించారు. అరవై నుంచి ఎనభై ఒకటి మధ్య వయసువాళ్లకు ఇంట్లో రక్తంలో చక్కెర పరీక్ష చేసుకోవడం నేర్పి, మూడు వారాలు చెయ్యమన్నారు. కొందరిని ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తూ ఉండగా చేస్తారో ముందే మనసులో బొమ్మ కట్టుకోమన్నారు. వాళ్లు మిగిలినవాళ్లకంటే సుమారు సగం ఎక్కువసార్లు పరీక్ష చేసుకున్నారు. "జాగ్రత్తగా చేస్తాను" అనుకున్నవాళ్లకంటే "పొద్దున కాఫీ గ్లాసు కడిగాక కిటికీ పక్క కుర్చీలో" అనుకున్నవాళ్లు గెలిచారు. మసకబారుతున్న బొమ్మకు చేత్తో గీతలు దిద్దుకోవడమన్నమాట.

కురచైంది వయసు కాదు, చూపు

పెద్దవాళ్లు కొత్త పనులు తలపెట్టరు, కొత్త స్నేహాలు చెయ్యరు, ఉన్న నలుగురితోనే గడిపేస్తారు. దీన్ని చాలాకాలం ముసలితనపు లక్షణంగా రాసుకున్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారా కార్‌స్టెన్సెన్ దీన్ని తిరగేసి చూసింది. ఆమె అడిగే ప్రశ్న ఒకటుంది: మీకు అరగంట తీరిక దొరికింది, ముగ్గురిలో ఎవరితో గడుపుతారు? ఇంట్లో మనిషితోనా, మీరు ఈమధ్య చదివిన పుస్తకం రాసినాయనతోనా, కొత్తగా పరిచయమై మీ అభిరుచులు కలిసిన మనిషితోనా? పడుచువాళ్ల జవాబులు మూడు వైపులా చెదురుతాయి. పెద్దవాళ్లు ఎక్కువగా ఇంటి మనిషినే ఎంచుకుంటారు.

హెలీన్ ఫంగ్‌తో కలిసి 1999లో ప్రచురించిన పరిశోధనలో ఆమె ఈ ప్రశ్నకు ఒక మెలిక పెట్టింది. "మీ డాక్టరు ఫోను చేసి, కొత్త వైద్యం వచ్చింది, ఇంకో ఇరవై ఏళ్లు ఆరోగ్యంగా బతుకుతారు అని చెప్పాడనుకోండి. ఇప్పుడు ఎవరితో గడుపుతారు?" అంతే, పెద్దవాళ్ల మొగ్గు మాయమైంది. వాళ్లూ పడుచువాళ్లలాగే రచయిత వైపూ కొత్త స్నేహితుడి వైపూ చూశారు. ఒక్క ఊహతో.

అదే పరిశోధనలో హాంగ్‌కాంగ్ కూడా ఉంది. 1997 జూలైలో ఆ నగరం బ్రిటన్ చేతుల్లోంచి చైనా చేతుల్లోకి వెళ్లింది. అంతకు ఏడాది ముందు అడిగితే పడుచువాళ్లకూ పెద్దవాళ్లకూ తేడా మామూలుగానే ఉంది. ఆ రోజు దగ్గరపడి, ఏదో అయిపోతోందన్న బెంగ ఊరంతా కమ్ముకున్నప్పుడు, పడుచువాళ్లు కూడా ముసలివాళ్లలాగే ఇంటి మనుషుల్ని ఎంచుకున్నారు. చేతులు మారి ఏడాది గడిచి, ఏమీ మునిగిపోలేదని తేలాక, తేడా మళ్లీ వచ్చింది.

కాబట్టి చూపును కురచ చేస్తున్నది పుట్టినరోజుల లెక్క కాదు, ముందు ఎంత మిగిలిందన్న అంచనా. అంచనా తప్పైతే కురచతనమూ తప్పే. ఇక్కడ ఒక మాట పక్కన పెట్టుకోవాలి. దగ్గరివాళ్ల కోసం కాలం ఖర్చు పెట్టడం లోపమని కార్‌స్టెన్సెన్ అనలేదు. పైగా పెద్దవాళ్లు చెడ్డ సంగతుల కంటే మంచి సంగతులను ఎక్కువ గుర్తు పెట్టుకుంటారని, మనసులో నెమ్మది ఎక్కువని ఆమె బృందమే చూపించింది. ఆ నెమ్మదిని ఎవరూ పోగొట్టుకోనక్కర్లేదు. డెబ్బైలోంచి తీసివేసిన లెక్కతో దొడ్డి బీడు పెట్టడమే వద్దు.

ఆశ ఆయుష్షు పోస్తుందా

ఇక్కడే పత్రికలు తొందరపడతాయి. "ఆశావాదులు పదిహేను శాతం ఎక్కువ బతుకుతారు" అని శీర్షిక పెడతారు. అంకె అబద్ధం కాదు. 2019లో లెవీనా లీ బృందం అమెరికాలో 69,744 మంది స్త్రీల లెక్కలు పదేళ్లు, 1,429 మంది పురుషుల లెక్కలు ముప్ఫై ఏళ్లు చూసి, బాగా ఆశావాదులైనవాళ్ల ఆయుష్షు సగటున 11 నుంచి 15 శాతం ఎక్కువని తేల్చింది. 85 దాటే అవకాశమూ వాళ్లకే ఎక్కువ. అంతకు ముందు 2002లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి బెక్కా లెవీ, ఒహాయో రాష్ట్రంలో 660 మందిని ఇరవై ఏళ్లకు పైగా గమనించిన లెక్కలు తిరగేసింది. ముసలితనం గురించి మంచిగా అనుకున్నవాళ్లు, చెడ్డగా అనుకున్నవాళ్లకంటే ఏడున్నర ఏళ్లు ఎక్కువ బతికారు.

అయితే ఒంట్లో బాగున్నవాడికే ఆశ ఎక్కువ ఉంటుంది కదా? కీళ్లు పట్టేసి, రాత్రి నిద్ర లేనివాడు రేపటి గురించి హుషారుగా ఎందుకుంటాడు? పరిశోధకులు ఆరోగ్యం, డబ్బు, చదువు, పొగతాగడం వగైరా తేడాలను లెక్కలోంచి తీసేసి చూస్తారు. అయినా ముడి పూర్తిగా విడిపోదు. ఆశ వల్ల ఆయుష్షా, ఆయుష్షున్న ఒంటి వల్ల ఆశా అన్నది ఇలాంటి గమనింపులతో తేలే విషయం కాదు.

తేల్చాలంటే ప్రయోగం కావాలి. అలాంటిదొకటి ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో చేసి 1976లో ప్రచురించారు. ఒక అంతస్తు వాళ్లకు తలా ఒక మొక్క ఇచ్చి, మీరే నీళ్లు పోసుకోవాలి, మీ గది ఎలా సర్దుకోవాలో మీరే చెప్పాలి అన్నారు. మరో అంతస్తు వాళ్లకూ మొక్క ఇచ్చి, నర్సులే చూసుకుంటారన్నారు. పద్దెనిమిది నెలలకు మొదటి జట్టులో 47 మందిలో ఏడుగురు, రెండో జట్టులో 44 మందిలో పదముగ్గురు పోయారు. దీన్ని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. చెప్పనిదేమంటే, తర్వాత లెక్క సరిచూస్తే ఆ చావుల తేడా అంత గట్టిది కాదని వాళ్లే సవరణ ప్రచురించుకున్నారు. నీళ్లు పోసుకున్నవాళ్లు మరింత చురుగ్గా, సంతోషంగా ఉన్నారన్నది నిలబడింది. నాకు ఆ మాత్రం చాలు.

ఆశావాదుల మొహాన నీళ్లు చల్లే పరిశోధన కూడా ఒకటుంది. జర్మనీలో ఏటేటా వేలాది కుటుంబాలను కలిసి వివరాలు రాసుకునే పద్ధతి ఒకటి ఉంది. ఫ్రీడర్ లాంగ్ బృందం 1993 నుంచి 2003 దాకా ఉన్న ఆ లెక్కలు తీసి, అయిదేళ్ల తర్వాత మీ జీవితం ఎంత తృప్తిగా ఉంటుందనుకుంటున్నారన్న ప్రశ్నకు జవాబును, నిజంగా అయిదేళ్లు గడిచాక చెప్పిన జవాబుతో పోల్చింది. 65 దాటినవాళ్లలో, ఎక్కువ ఊహించుకున్నవాళ్లకంటే తక్కువ ఊహించుకున్నవాళ్లే ఎక్కువమంది. ఎక్కువ ఊహించుకుని భంగపడినవాళ్లకు తర్వాతి ఏళ్లలో అంగవైకల్యం, మరణం ముప్పు దాదాపు పది శాతం చొప్పున పెరిగింది. కీడెంచి మేలెంచమన్న సామెత జర్మన్లకు తెలియదు, కానీ వాళ్ల ముసలివాళ్లు పాటిస్తున్నారు.

మరి ఎవరి మాట వినాలి? నా మటుకు నాకు వీటి మధ్య పెద్ద తగువు కనిపించదు. "నాకేమీ కాదు" అనేది ఒక రకం ఆశ. "ఏదైనా అయినా పని ఆగదు" అనేది ఇంకో రకం. మొదటిది నమ్ముకున్నవాడు మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ పెట్టించడు. రెండోది నమ్ముకున్నవాడు మొదట కమ్మీ పెట్టించి, తర్వాత మేడ మీద పూలకుండీలు పెడతాడు.

ఇరవై కాస్తా ఎనిమిదైన వైనం

కడియపులంక బయలుదేరే ముందు మావయ్య జాబితాలో ఇరవై మామిళ్లు, ఆరు సపోటాలు, ఒక చేపల గుంట ఉన్నాయి. వాటిలో మిగిలింది ఎనిమిది మామిళ్లు. ఎందుకు తగ్గించావని అడిగితే, "నా మోకాళ్లనడుగు" అన్నాడు.

పాల్ బాల్టెస్, మార్గరెట్ బాల్టెస్ అనే జర్మన్ శాస్త్రవేత్తల జంట వయసు మీదపడ్డాక బాగా బతికేవాళ్లు ఏం చేస్తున్నారని వెతికి, 1990లో మూడు మాటల్లో చెప్పింది. ఏరుకోవడం, ఏరుకున్నదాన్ని సానపట్టడం, తగ్గినదానికి మారు వెతుక్కోవడం. వాళ్లు చెప్పే ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్. ఎనభై ఏళ్లప్పుడు ఇంత బాగా ఎలా వాయిస్తున్నారని అడిగితే ఆయన మూడు సంగతులు చెప్పాడు. తక్కువ కృతులు వాయిస్తాను. వాటినే ఎక్కువ సాధన చేస్తాను. వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కాస్త నెమ్మదిస్తాను, అప్పుడు తర్వాతిది వేగంగా వినిపిస్తుంది. ఆ ఒడుపుతో ఆయన 89వ ఏట దాకా కచేరీలు చేశాడు.

మావయ్యకు బాల్టెస్ పేరు తెలియదు. ఎనిమిదింటికే డ్రిప్పు పైపు వేయించాడు, బిందెలు మొయ్యక్కర్లేకుండా. అందులో రెండు కొత్తపల్లి కొబ్బరి, ఆవకాయకి. మిగిలినవి బంగినపల్లి, చిన్నరసం.

మనవాళ్లలోనూ పెద్ద పేర్లున్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు కలకత్తాలో ఒక జీవితకాలం పనిచేసి, అరవైకి దగ్గరలో అమెరికా వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. అక్కడ ఇంకో రెండు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పాడు, పరిశోధన నడిపాడు. పాతికేళ్ల వయసులో రాసిన పత్రంతో సహా చేసిన పనికి అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి అందుకునేసరికి ఆయనకు 102 ఏళ్లు, 2023లో. 1929లో పుట్టిన చిలుకూరి శాంతమ్మ 1989లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యాక కూడా ఆపలేదు. తొంభై దాటాక ఊతకర్రల సాయంతో విశాఖ నుంచి విజయనగరం వెళ్లి ఫిజిక్స్ చెప్పారు. వీళ్లను చూసి గర్వపడదాం గానీ, ప్రణాళికకు వీళ్లను కొలబద్దగా పెట్టుకోవద్దు. సగటు మనిషికి సగటు లెక్కే ధైర్యమివ్వాలి. ఇస్తోంది కూడా.

ఆశకు ఇంకో జబ్బుంది, దానికి వయసుతో పని లేదు. డానియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1979లో దీన్ని బయటపెట్టారు. మనం ఏ పనికైనా పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేస్తాం. 1994లో రోజర్ బ్యూలర్ బృందం విద్యార్థుల్ని మీ పరిశోధన వ్యాసం ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగింది. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 రోజులన్నారు. పట్టింది 55. ఇరవై రెండేళ్లవాడికి ఇది ఓ మూడు వారాల ఆలస్యం. డెబ్బై రెండేళ్లవాడికి ఆ జాప్యం ఏళ్లలోకి వెళ్తే, మొక్క పెట్టాల్సిన వాన వెళ్లిపోతుంది. దీనికి మందు, లోపలి ఊహను నమ్ముకోకుండా, ఇలాంటి పని ఇంతకుముందు చేసినవాళ్లకు ఎంత పట్టిందో కనుక్కోవడం. నర్సరీ కుర్రాణ్ని "ఎన్నేళ్లకు కాపు" అని అడగడం సరిగ్గా ఆ మందే.

నాకు అన్నిటికంటే నచ్చింది మావయ్య నోటుపుస్తకం. పాత బడి హాజరు పుస్తకంలాంటిది, ఎర్ర గీతలతో. మొదటి పేజీలో గోతుల కొలతలు, మూడడుగుల చొప్పున. రెండో పేజీలో ఏ నెలకు ఏ పని. మూడో పేజీకి శీర్షిక "నేను చెయ్యలేకపోతే". కింద వరసలు. నెల రోజులు మంచాన పడితే నీళ్లు తిప్పేది ఎదురింటి వెంకన్న కొడుకు, వాడికి ఇంత. కళ్లు సరిగ్గా ఆనకపోతే పురుగు చూసేది ఫలానా. ఆపైన ఒక వరస: "నేను లేకపోతే". దాని ఎదురుగా బెంగళూరు కొడుకు పేరు, పక్కన బ్రాకెట్లో "వాడికి చెప్పాలి".

ఆ పేజీ చూసి అత్తయ్య కోప్పడింది, శుభమా అని మొక్కలు పెడుతూ ఆ రాతలేంటని. నాకు మాత్రం ఆ పేజీ వల్లే మిగిలిన పుస్తకం నమ్మబుద్ధయింది. పెద్దవయసులో పెట్టుకునే దూరపు పనికి ఆ మూడో పేజీ ఉంటే అది ప్రణాళిక. లేకపోతే ముచ్చట. ఆ పేజీ రాసుకున్నవాడు ఇరవై ఏళ్ల దూరానికైనా నిర్భయంగా చూడొచ్చు. టేకు పెట్టొచ్చు, తాటిటెంక పాతొచ్చు, సంస్కృతం మొదలుపెట్టొచ్చు.

కొడుకులకూ కూతుళ్లకూ ఒక మాట. "ఈ వయసులో ఎందుకు, రామా కృష్ణా అనుకుంటూ కూర్చోక" అని మనం ప్రేమతోనే అంటాం. బెక్కా లెవీ కొలిచిన చెడు అభిప్రాయాలు ఎక్కణ్నుంచో ఊడిపడలేదు. ఇలాంటి మాటలు విని విని లోపల పేరుకున్నవే. ఈసారి నాన్న ఫోనులో మొక్కల సంగతి ఎత్తితే, ఎందుకని కాకుండా, మూడో పేజీలో నా పేరు ఎక్కడుంది అని అడగండి.

మావయ్యకు ఇప్పుడు డెబ్బై రెండు. ఎనిమిదింటిలో ఒకటి మొదటి ఎండాకాలమే ఎండిపోయింది, మిగిలినవి ఏడు. మొన్న మాఘంలో ఆరింటికి పూత వచ్చింది. నర్సరీ కుర్రాడు చెప్పినట్టే స్టూలేసుకుని ఆయనే తుంచేశాడు. స్టూలు కదలకుండా పట్టుకున్నది బెంగళూరు నుంచి వచ్చిన కొడుకు. వచ్చే ఏడు నుంచి పూత ఉంచుతారట.